అక్కకు కడుపుమంట దాచడం రాదు

అక్క పోయిందన్న కబురు మొన్న శుక్రవారం పొద్దున ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. బావ నంబరు నుంచే ఫోన్ వచ్చింది గానీ మాట్లాడింది బావ కాదు, అక్క పక్కింటి అమ్మాయి. "అక్కా, మీ అక్క ఇంగ లేదు" అని ఏడ్చింది. బట్టలు ఆరేసి వచ్చి, ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని మంచం మీద కూర్చుందట. ఆటో పిలుచుకొచ్చేలోపే అంతా అయిపోయిందట.

"నువ్వు ఆడే ఉండావా?" అని అడిగాను.

"ఉండానక్కా. నా చెయ్యి పట్టుకునే ఉండె."

ఏడుపు ఒక క్షణం ఆగి వచ్చింది. దానికంటే ముందు వచ్చింది వేరే. ఆ చెయ్యి నాది ఎందుకు కాలేదు? నిన్నగాక మొన్న ఆ వీధికి వచ్చిన మనిషికి ఆ చోటు ఎట్లా దొరికింది? చావు దగ్గర కూడా ముందు వరసలో నేనే ఉండాలనుకునే బుద్ధి నాది. అక్క వింటే పై పళ్ళన్నీ కనపడేలా నవ్వేది. "నోరు తెరిసి సెప్పినావు కదా, ఇంగ పర్వాలే" అనేది.

అక్క నా తోడబుట్టింది కాదు. మా ఆయన అన్న భార్య. మా పక్క ఏరాలు అంటారు. బావకు ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్ళకు నూలు అమ్మే అంగడి ఉంది కాబట్టి వాళ్ళు అక్కడ, అత్తతో పాటు మేము ఆదోనిలో. అత్తకు ఆమె 'పెద్దది', నేను 'చిన్నది'. వయసులో చిన్నదాన్ని అయితే సరే. వంటలో, మాటలో, పదిమందిలో నిలబడడంలో, అన్నిట్లోనూ చిన్నదాన్నే అని ఆ ఇంటికి వచ్చిన మొదటి రంజాన్‌కే నాకు తెలిసిపోయింది.

ఆ పండక్కి అక్క ఒక డబ్బా నిండా నాన్‌ఖటాయి బిస్కెట్లు చేసుకొచ్చింది. అప్పటికి ఆమెకు ఓవెన్ లేదు. పెద్ద గిన్నెలో ఇసుక పోసి, మూత పెట్టి, గ్యాసు పొయ్యి మీద చేసేది. నోట్లో వేసుకుంటే పళ్ళతో పని లేదు. అత్త ఒకటి తిని, కళ్ళు మూసుకుని, "పెద్దదాని సేతిలో ఏముందో ఏమో" అంది. నేను ఆ రోజు సేమ్యా చేశాను. దాన్ని గురించి ఎవరూ ఏమీ అనలేదు. బాగాలేదని కూడా అనలేదు.

"చాలా బాగున్నాయక్కా" అని పైకి అని, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాను. అవసరానికి మించి గట్టిగా తోమాను. కొన్నేళ్ళపాటు మా ఇంట్లో గిన్నెలు తళతళలాడడానికి కారణం అదే.

తర్వాత ఆమె ఒక పాత ఓవెన్ సంపాదించింది. బదిలీ మీద వెళ్ళిపోతున్న టీచరమ్మ ఒకామె వదిలేసి పోయింది. అది వేడెక్కేది కాదు. బాగుచేసేవాళ్ళు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అక్కే ఒక మధ్యాహ్నం దాన్ని బోర్లేసి, స్క్రూలన్నీ విప్పి, ఏది ఎక్కడికి పోతుందో చూసింది. తిరిగి బిగించేటప్పుడు కొన్ని స్క్రూలు మిగిలిపోయాయట. మళ్ళీ విప్పింది. అలా విప్పీ బిగించీ దాని కీళ్ళన్నీ నేర్చుకుంది. ఆ తర్వాత స్క్రూ డ్రైవర్ ఆమె బొడ్లో చోటు చేసుకుంది. కొందరు ఆడవాళ్ళు బీరువా తాళాలు దోపుకున్నట్టు ఆమె దాన్ని దోపుకునేది. పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు బావ గుర్తుచేసి తీయించేవాడు.

నాకూ ఓవెన్ కావాలని మా ఆయన్ను సతాయించి కొనిపించుకున్నాను. కొత్తది, పెద్దది, లోపల లైటు వెలిగేది. అక్కను పిలిచి మరీ చూపించాను. ఎందుకు పిలిచానో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆమె దాని చుట్టూ తిరిగింది. తలుపు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఇల్లంతా వినపడేలా అంది: "అత్తా, నాకు కడుపు మండిపోతాండాది! సిన్నదానికి ఇంత మంచిది కొనిచ్చినాడు నీ నడిపి కొడుకు. నీ పెద్ద కొడుక్కేమి రోగం?"

అందరూ నవ్వారు. బావ తల గోక్కున్నాడు. అక్క నా బిస్కెట్లు రెండు తిని, నీళ్ళు తాగి, "ఇంగ సల్లబడింది" అంది. అంతే. నిజంగానే చల్లబడింది. సాయంత్రం బస్సెక్కేదాకా మళ్ళీ ఆ మాట లేదు, ఆ చూపు లేదు.

నేను ఎదురుచూసిన గెలుపు అలా చేతిలోకి వచ్చి జారిపోయింది. ఎవరైనా అసూయను లోపల దాచుకుంటే దాన్ని చూసి సంతోషించవచ్చు. నడింట్లో పెట్టి అందరికీ చూపించేవాళ్ళను ఏం చెయ్యగలం? నాకు ఆమె ఓవెన్ మీద లేని ఓర్వలేనితనం ఆ మాట మీద కలిగింది. నాకు అలా అనడం ఎందుకు రాదు?

ఆ మాటే ఒకసారి ఆమెను వేరే విధంగా అడిగాను. సిగ్గనిపించదా అక్కా అని. "కడుపులో దాస్తే కుళ్ళుతాది పాపా. నోటితో అనేస్తే గాలికి పోతాది" అంది, చింతపండు గింజలు తీస్తూ.

మా మరిదికి ఆలూరు పిల్లతో పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు వాళ్ళ ఇంటికి తీపి పంపాలి. అత్త, "అంగట్లోవి వద్దు. ఇంట్లో నాన్‌ఖటాయిలు చేసి పంపుదాం. పెద్దదానికి ఫోన్ చెయ్యి" అంది.

"నేను చేస్తానత్తా. ఓవెన్ ఉండాది కదా" అన్నాను.

అత్త నన్ను ఎగాదిగా చూసి, "సరే, సూడు" అంది. ఆ 'సూడు'లో ఎంత నమ్మకం ఉందో నాకు వినిపించింది.

అత్తకు తెలియనిదేమిటంటే, అప్పటికి కొన్ని నెలలుగా నా ఓవెన్ చెప్పిన మాట వినడం లేదు. నూట ఎనభై పెడితే ఒకరోజు అడుగు మాడిపోయేది. మరుసటి రోజు అదే నూట ఎనభైలో, అంతే సేపు పెడితే, పిండి పచ్చిగా పాలిపోయి ఉండేది. మాడినవి, ఉడకనివి గుట్టుగా వెనక వీధి మేకలకు వేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. ఒక మెకానిక్కును పిలిస్తే, రాడ్డు పోయిందని కొత్త రాడ్డు వేసి వెళ్ళాడు. ఏమీ మారలేదు. పెళ్ళివాళ్ళకు పంపాల్సిన రోజు దగ్గరపడింది. పిండి కలపడం, మేకలకు వేయడం, ఇదే పని అయింది. ఆదోనిలో నాకంటే మేకలే ఎక్కువ బిస్కెట్లు తిన్నాయి.

ఒక పొద్దున తలుపు తీస్తే గడపలో అక్క. చేతిలో గుడ్డసంచి.

"నేను పిలవలేదే" అన్నాను. నోటికి వచ్చేసింది.

"పిలవకనే వచ్చినాను. బస్సు నీది కాదు కదా?" అని నన్ను పక్కకు జరిపి లోపలికి వచ్చింది. మా ఆయన ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది. అత్త ఆ రోజు ఆలూరు వెళ్ళి ఉంది, సాయంత్రం వస్తుంది. అది చూసుకునే వచ్చిందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆమె ముందు ఏమీ విప్పలేదు. చక్కెర అడిగింది. టీకేమో అనుకుని పొయ్యి మీద నీళ్ళు పెట్టబోయాను. "టీకి కాదు, దానికి" అని ఓవెన్ చూపించింది. ఒక స్టీలు ప్లేటులో పల్చగా చక్కెర పరిచి, నాబ్ నూట ఎనభైకి తిప్పి, లోపల పెట్టింది. ఆ వేడికి చక్కెర చక్కెరగానే ఉండాలట. ఇంకొంచెం ఎక్కువైతేనే కరుగుతుందట. ఇద్దరం ముందు కూర్చుని అద్దంలోంచి చూశాం. ఎంతోసేపు పట్టలేదు. గింజలు ముందు తడిగా మెరిశాయి, తర్వాత కారిపోయి, తర్వాత ఎర్రబడి పొగలు కక్కాయి.

అక్క నా వైపు చూసింది. "అచ్చం నీ మాదిరే ఉండాది పాపా ఇది. పైన నెంబరు సల్లగా సూపిస్తాది. లోపల మండిపోతాండాది."

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమెకు అంతా తెలుసు. గిన్నెలు గట్టిగా తోమిన చప్పుడు కూడా విన్నదే అయి ఉంటుంది.

ప్లగ్గు పీకి, చల్లారనిచ్చి, జాలీలు బయటికి లాగి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని తల లోపల దూర్చింది. తల బయటికి తీయకుండానే, "ఇట్ల రా, సూడు" అని పిలిచింది. లోపల పక్క గోడకు ఒక సన్నని గొట్టం, చివర వేలంత లావు. లోపల ఎంత వేడి ఉందో కనిపెట్టేది అదే, అది చెబితేనే రాడ్డు ఆగుతుంది, వెలుగుతుంది అని చెప్పింది. దాన్ని గోడకు పట్టి ఉంచాల్సిన కొక్కెం విరిగిపోయి ఉంది. గొట్టం ఊగుతోంది. నేను ట్రే లోపలికి తోసినప్పుడల్లా అంచు తగిలి అటో ఇటో జరుగుతోంది. రాడ్డు వైపు జరిగితే దానికి తొందరగా వేడి తగిలి ముందే ఆపేస్తుంది, పిండి పచ్చి. తలుపు సందు వైపు జరిగితే దానికి చల్లగాలి తగిలి, ఇంకా కాలనివ్వు అంటుంది, అడుగు మాడు.

"మెకానిక్కు రాడ్డు మార్చినాడే" అన్నాను.

"మార్చినాడు. రాడ్డుదేం తప్పు పాపం? దీన్ని ఎవురూ సూడలే."

సంచిలోంచి మగ్గాల వాళ్ళ దగ్గర దొరికే సన్నని స్టీలు తీగ తీసింది. వంచి, మెలిపెట్టి, కొక్కెం చేసింది. బిగించేది మాత్రం నన్నే బిగించమంది. నేను వెనక్కి జరిగితే, "కొరకదు, బిగించు" అంది. మళ్ళీ చక్కెర పెట్టాం.

ఈసారి ఎంతసేపు చూసినా చక్కెర కదల్లేదు. తెల్లగా, పొడిగా అలాగే ఉంది. అలా చూస్తూ కూర్చున్నప్పుడే అంది:

"నీ మింద నాకు ఎప్పుటినుంచి కడుపుమంటో తెలుసునా నీకు?"

"ఓవెన్ కొన్నప్పటినుంచి."

"ఓవెన్‌దేముంది! నీ పురుడప్పటినుంచి." మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, అద్దంలోకే చూస్తూ చెప్పింది. "నీకు పురుడైనప్పుడు అత్త నీ తల ఒళ్ళో పెట్టుకుని నూనె అంటతాంటే వాకిట్లోంచి సూసినాను. నాకు ఊహ తెలిసే తలికి మా అమ్మ లేదు. నా తల అట్ల ఎవురూ పట్టుకోలే. అత్త నన్ను పొగుడ్తాది. పొగడ్త ఏముంది, డబ్బాలో పెట్టి ఎమ్మిగనూరు పంపిస్తాది. సెయ్యి మాత్రం నీ తల మింద పెడ్తాది."

అత్త నాకు తలంటేది నిజమే. గోళ్ళు తగిలి నొప్పి పుడుతోందని నేను ఎప్పుడూ విసుక్కునేదాన్ని. ఒక మనిషి బస్సులో కూర్చుని ఎమ్మిగనూరు దాకా దాన్ని తలుచుకుంటూ వెళ్ళి ఉంటుందని ఎలా అనుకుంటాను?

"నాకూ ఉండాది అక్కా" అన్నాను చివరికి.

"ఏముండాది?"

"కడుపుమంట. నీ మింద."

ఆమె ఆశ్చర్యపోలేదు. భుజంతో నా భుజాన్ని ఒక తోపు తోసి, "ఇన్నేండ్లకు నోరు తెరిసినావు తల్లీ!" అని లేచి, ప్లేటులో చక్కెర డబ్బాలో పోసేసింది. "పిండి కలుపుకో. నేను పోతాండాను."

"ఉండక్కా. నువ్వు ఒక చెయ్యి వేస్తే..."

"నేను ఏలు పెడితే నావి అంటారు. నాకొద్దు." అత్త వచ్చేలోపే ఆమె బస్సెక్కేసింది.

ఆ సాయంత్రం నుంచి చేసినవి అన్నీ కుదిరాయి. డబ్బాలు ఆలూరు వెళ్ళాయి. మిగిలినవి పెళ్ళినాడు పళ్ళెంలో పెడితే అత్త ఒకటి తిని, కళ్ళు మూసుకుని, నేను భయపడిన మాటే అంది. "ఇది పెద్దదాని సెయ్యే."

చుట్టూ అందరూ ఉన్నారు. అక్క నూనె చేతులతోనే వచ్చి, పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని కొరికి, నమిలి, "నీ నాలిక మొద్దుబారిందత్తా. నేను పిండి కూడా ముట్టలే. అన్నీ సిన్నదే సేసింది. నాకంటే బాగ సేసింది. నాకు కడుపు మండిపోతాండాది!" అని అందరి ముందూ అరిచినంత పని చేసింది. కొక్కెం సంగతి, చక్కెర సంగతి ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. మీకే చెబుతున్నాను.

అత్త నన్ను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కింద నిలబడి నేను అక్కనే చూశాను. ఆమె అప్పటికే అవతల ఎవరి చంటిబిడ్డనో ఎత్తుకుని ఉంది. నిజం చెప్పాలంటే, ఆ రోజు కూడా ఆమెను చూసి ఓర్వలేకపోయాను. ఆమె అసూయ కూడా నా అసూయకంటే బాగుంది.

కానీ ఆ తర్వాత మా మధ్య మాట మారింది. ఫోన్ చేసి, "ఏం సేస్తాండావు?" అనేది. కేకు పెట్టానంటే, "వాసన ఈడికి కొడ్తాంది. నాకు మండుతాండాది, పెట్టెయ్యి ఫోను" అని నిజంగానే పెట్టేసేది. ఓవెన్ తలుపు మధ్యలో తెరిచి చూశానంటే ఒప్పుకునేది కాదు. "నువ్వు స్నానం సేసేటప్పుడు ఎవురన్నా తలుపు తెరిసి సూస్తే ఎట్లుంటాది?" అనేది. అత్త ఎమ్మిగనూరు వెళ్ళినప్పుడు, పెద్దదాని తలకు కాస్త నూనె పెట్టు అత్తా అని నేనే చెప్పి పంపాను. పెట్టిందట. ఆ రోజు అక్క ఫోన్ చేసింది. కాసేపు మగ్గాల చప్పుడు మాత్రం వినిపించింది.

ఈ మధ్య ఆమె మాటల్లోకి పక్కింటి అమ్మాయి వచ్చింది. కోసిగి పక్క పల్లె పిల్ల. ఏటా ఇంటిల్లిపాదీ పనికోసం దూరాలు వెళ్ళే కుటుంబం. ఈసారి నేను రాను, నిలకడగా ఒక ఊళ్ళో ఉంటాను అని పట్టుబట్టి ఎమ్మిగనూరులో ఆగిపోయిందట. అక్క తన ఓవెన్ మీదే ఆ పిల్లకు బిస్కెట్లు నేర్పేది. వాటిని చేసి అమ్ముకోవడానికి కూరగాయల మార్కెట్ పక్కన చిన్న గది కూడా మాట్లాడి పెట్టింది. పోవడానికి వారం ముందు ఫోన్‌లో, "ఆ పిల్ల సెయ్యి నీకంటే తేలిక పాపా" అంది.

"నాకు కడుపు మండుతాండాదక్కా" అన్నాను వెంటనే.

అక్క నవ్వింది. ఆగలేక, దగ్గుతూ, ఫోన్ అటు పక్కన ఎవరికో "ఇనండి, మా సిన్నది ఏమంటాందో ఇనండి" అని చెబుతూ నవ్వింది. ఆ నవ్వే చివరిది.

మట్టి ఇచ్చిన మూడో రోజు, ఫాతిహా చదవడం అయ్యాక, చుట్టాలు ఒక్కొక్కరే లేస్తున్నారు. అత్త మూలకు కూర్చుని, "ఆ ఓవెన్ సిన్నదానికి ఇయ్యి" అంది బావతో.

బావ తల దించుకున్నాడు. "అది ఆ పిల్లకని ఎప్పుడో సెప్పిందమ్మా."

అందరూ నన్ను చూశారు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది, కళ్ళు వాచిపోయి. నా దగ్గరికి వచ్చి, "మీరే తీస్కపోండక్కా. ఆమె సేతిది. నాకు ఎట్లనో బతుకు దొరుకుతాది" అంది.

నాకు దానితో అవసరం లేదు. నా ఓవెన్ నాకుంది. అయినా అది కావాలి. విప్పీ బిగించీ అక్క అరగదీసిన ఆ స్క్రూలు కావాలి, ఆమె వేళ్ళు పట్టి పట్టి నెంబర్లు చెరిగిపోయిన ఆ నాబ్ కావాలి. సరే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నీదేనమ్మా, నాకెందుకు అనే మాట కూడా వచ్చింది. ఆ రెండోది ఇంకా పెద్ద అబద్ధం.

"నాకు కావాలనే ఉండాది" అన్నాను. "నువ్వు తీస్కపోతాంటే నా కడుపు మండిపోతాండాది. ఆమె సెయ్యి పట్టుకున్నందుకూ మండుతాండాది. తీస్కపో తల్లీ."

ఆ పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మార్కెట్ పక్కనున్న ఆ గదికి పంపడానికి ఇద్దరం కలిసే దాన్ని మోసి ఆటోలో పెట్టాం. బరువుగా ఉంది, పాతకాలపు ఇనుము. సీటు మీద పట్టలేదు. ఆ పిల్ల ఆటో వెనక భాగంలో వీధి వైపు తిరిగి కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, ఓవెన్‌ను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా చుట్టి పట్టుకుంది. తలుపు అద్దం మా వైపు ఉంది.

ఆటో కదిలింది. ఆ అద్దంలో వీధి కనిపించింది. వాకిళ్ళలో ఆరేసిన రంగు నూలు, అరుగుల మీద మనుషులు, నడుమ చెంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఒక ఆడమనిషి. ఆమె నేనే. ఆటో గుంతల్లో ఎగిరినప్పుడల్లా నేను ఆ అద్దంలో చెదిరి మళ్ళీ కుదురుకుంటూ, చిన్నదాన్నవుతూ, వీధి మలుపు దాకా వెళ్ళాను.